నాన్న చేతికి నేను రాసిన గేజ్

మా నాన్న తన చెయ్యి వణుకుతోందని ఒప్పుకునేవాడు కాదు. సాసర్లోకి టీ ఒలికితే మాల్‌గాడీ, అదే గూడ్సు బండి, వెళ్లిన అదురనేవాడు. పూరీ గేట్ దగ్గర మా ఇల్లు పట్టాలకు దగ్గరే కాబట్టి ఆ మాట కొన్నాళ్లు చెల్లింది. ఏ బండీ వెళ్లని వేళ ఒలికితే మాత్రం, "రాబోతంది సూడు," అనేవాడు.

ఒడిలో ఊరికే పెట్టుకున్నప్పుడు కూడా ఆయన కుడిచెయ్యి సన్నగా ఆడుతోందని నేను మూడు నెలలుగా చూస్తూనే ఉన్నాను. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వినడు. రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరైన మనిషి.

"కొలవకండా రిజెక్ట్ సేసెత్తావేటే?" అని నామీదే విరుచుకుపడ్డాడు.

మా ఊళ్లోనే మలంచాలో ఒక కంప్యూటర్ సెంటర్లో పైథాన్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. కొలవమంటే కొలవలేనా? ఫోన్లో కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. వణుకు చూపించే యాప్ ఒకటి దించి ఆయన ముందు పెట్టాను.

"ఇది ఎవుడు సేసినాడు?" అన్నాడు.

తెలియదన్నాను.

"ఎవుడు సేసినాడో తెల్దు, ఎక్కడ సరిసూసినారో తెల్దు. ఇలాంటి కొలిసే గేజ్ పట్టుకుని మేం బోల్టు కూడా రిజెక్ట్ సెయ్యం. నువ్వు సేసి తే, సూద్దాం."

"నేను సేసినదాంట్లో తేడా కనిపిస్తే ఆస్పత్రికొస్తావా?"

"ఠీక్ హై," అన్నాడు, అది నావల్ల అయ్యే పని కాదన్న ధీమాతో.

ఆ ధీమా మరీ తప్పేమీ కాదు. పైథాన్ ఫోన్లో నడుస్తుంది గానీ, తిన్నగా వెళ్లి సెన్సర్‌ను అడగలేదు. అందుకు సి భాషలో కొంత కోడ్ రాసి, దాన్ని ఆ ఫోన్‌కు సరిపడేలా తయారుచేసి పైథాన్‌కు తగిలించాలి. వారం రోజులు దానితో కుస్తీ పడుతుంటే, చిక్కుడుకాయలు వలుస్తున్న అమ్మ ఈ గొడవేమిటని అడిగింది.

"పైథాన్ ఆఫీసులో కూర్చున్న పెద్దసారమ్మా. మిషన్ ముట్టడు. సి ఫిట్టరు. లోపల సెయ్యి పెట్టేది అతనే."

అమ్మ సంగతి ఏమోగాని నాన్న మొహం వెలిగిపోయింది. "అంతే కదా మరి! పని ఫిట్టరుది, పేరు సారుది." ఆ రోజు నుంచి ఎక్కడ ఎర్రర్ వచ్చినా నేరం పైథాన్‌దే. సి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

మొదటిసారి నడిపినప్పుడు పరువు పోయింది. సెన్సర్ ఒక్కో పొట్లంలో ముందు సమయాన్ని, ఆ తర్వాత కదలికను పంపుతుంది. పైథాన్ వైపు ఒక గడి తక్కువ రాశాను. అది కోట్లలో ఉండే సమయం అంకెలను పట్టుకుని కదలిక అనుకుంది. ఆ లెక్కన నాన్న చెయ్యి అప్పటికే భూమి దాటి వెళ్లిపోయి ఉండాలి.

"సారు లెక్క తప్పినాడు," అని తీర్పిచ్చి, హాయిగా పేపరు తెరిచాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

గడి సరిచేసి ఆదివారం పొద్దున్న మళ్లీ నాన్న దగ్గరికి వెళ్లాను. ఫోన్ చేతికి కట్టబోతే వెనక్కి తీసుకున్నాడు. వర్క్‌షాప్‌లో ఎవరి పనిని తప్పు పడుతున్నారో ఆ మనిషి అడిగితే, ముందు అతని కళ్లెదుటే గేజ్‌ను సరిచూడాలట. సరేనని ఫోన్‌ను బల్ల మీద పెట్టాను. కదలకుండా పడి ఉన్న ఫోన్ తొమ్మిది పాయింట్ ఎనిమిది చూపించింది.

"సున్నా రావాల కదేటే?"

"అది భూమి లాగడం నాన్నా. ఎప్పుడూ ఉంటాది."

"నీ గేజ్ తప్పైతే భూమ్మీద తోస్తావేటి?"

అమ్మ పగలబడి నవ్వింది. పళ్లు కొరుక్కుంటూ ఆ భూమి వాటాను కోడ్‌లో తీసేశాను. అంకె సున్నా దగ్గరికి వచ్చింది. అప్పటికీ వదల్లేదు. "ఇప్పుడు లోపం లేని మంచి పీసు మీద సూపించు," అన్నాడు.

మంచి పీసుగా అమ్మను కూర్చోబెట్టాం. కొంగుకు చెయ్యి తుడుచుకుని ఇచ్చింది. ఫోన్‌ను ఆమె అరచేతి వెనక రిబ్బన్‌తో కట్టాను. లాప్‌టాప్ తెర మీద చిన్న చిన్న గీతలు, ఒక వరసంటూ లేకుండా. తర్వాత నా చెయ్యి. గీతలు ఇంకాస్త పెద్దవి. "అది కోపం," అంది అమ్మ.

ఇక సాకులు అయిపోయి నాన్న చెయ్యి చాపాడు. కట్టాక ఒడిలో పెట్టుకున్నాడు. పట్టాల మీద ఏ బండీ లేదు. తెర మీద ఒక అల లేచింది. దాని వెనక అంతే ఎత్తున ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి.

చూశావా అనడానికి మూడు నెలలుగా కాచుకుని ఉన్నాను. తీరా ఇప్పుడు, రిబ్బన్ ముడి వదులైందేమోనని చూశాను.

నాన్న కళ్లద్దాలు పైకి తోసుకుని అమ్మ గీత చూశాడు, నా గీత చూశాడు, మళ్లీ తనది చూశాడు. పాత ఉద్యోగం నాటి మొహం అది. నేనక్కడ ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయాడు.

"మీ ఇద్దరిదీ ఊరికే కదిలింది. నాది వరస తప్పకండా కదుల్తంది. బయటి నుంచి తగిల్తే ఇలాగుండదు. ఇది లోపల్ది."

నాకు భయం వేసింది. "ఇంకా ఏదో తప్పుంది నాన్నా. ఆ కోడ్ మళ్లీ సూస్తాను. ఫోన్ కూడా పాతది," అన్నాను. కోడ్‌లో తప్పేమీ లేదని నాకు తెలుసు.

"గేజ్ సరిసూసినాక మాట మార్సకూడదమ్మా," అన్నాడు. నాన్న నాతో అంత మెత్తగా మాట్లాడి చాలా రోజులైంది. "రేపు పొద్దున్న ఎన్నింటికి ఎల్దాం?"

నేను ఆయన చేతి రిబ్బన్ విప్పుతున్నాను. ఏడింటికని అమ్మే చెప్పింది.