మార్త తెచ్చిన కేసు

మార్త ఎదురు చెప్పే మనిషి కాదు. బాపట్ల మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని ఢిల్లీ వచ్చింది మొదలు, డాక్టరు నిలబడమంటే నిలబడింది, కూర్చోమంటే కూర్చుంది. ఎమర్జెన్సీ పెట్టినప్పుడు బస్సులు వేళకు వస్తున్నాయని సంతోషించింది కూడా. ఆమె భర్త సిలాసు ప్రెస్సులో కంపోజిటరు, ఆదివారం తెలుగు ప్రార్థనలో హార్మోనియం వాయించేవాడు. ఏది అచ్చు వేయకూడదో చెప్పడానికి ఇప్పుడొక ఆఫీసరు వస్తున్నాడని అతనంటే, "మనకెందుకండీ ఆ గొడవ" అని కూరగిన్నె ముందుకు జరిపేది.

ఆ గొడవ ఇంటికే వచ్చింది. 1976లో ఆసుపత్రి ఉద్యోగులు తలా కొందరిని కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు తేవాలన్నారు. మనుషులని కూడా అనలేదు మహానుభావులు, కేసులన్నారు. తేకపోతే జీతం ఆపేస్తారు. బేర్ సరాయ్ పక్కన కట్టడాల పనికి వచ్చిన పాలమూరు కూలీలకు మార్త నోట తెలుగు వింటే ప్రాణం లేచి వచ్చేది. ఆ నమ్మకాన్నే ఆమె వాడుకుంది. తప్పు చేస్తున్నానని అనుకోలేదు, అదీ అన్యాయం. అయినా నెలాఖరుకు ఒక కేసు తక్కువ పడింది.

"నా పేరు రాయించు," అన్నాడు సిలాసు. "మనకిద్దరు పిల్లలు చాల్లే. చిన్న కోతేగా."

"మీరొద్దండీ."

"పరాయోళ్ల మొగుళ్లైతే పర్లేదా?"

అతను నవ్వుతూనే అన్నాడు. మర్నాడు ఆమే అతని పేరు రాయించింది.

శిబిరం డేరాలో ఆ రోజు జాతరలా జనం. ఒకరికి వాడిన కత్తెరలు ఇంకొకరికి వాడే ముందు వేడినీళ్లలో ముంచి తీస్తున్నారంతే. అది మార్త రోజూ చూసేదే. సిలాసు బల్ల ఎక్కాక మాత్రం, "సర్, నీళ్లు మరగలేదు," అంది. టైము లేదన్నాడు డాక్టరు. ఆమె కత్తెర అందించింది.

గాయం చీము పట్టింది. వారం తిరక్కుండానే, ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే, ఆమె చేతుల్లోనే సిలాసు పోయాడు. న్యుమోనియాతో పోయాడని రాశారు. పెద్ద డాక్టరు ఆమెను గదికి పిలిచి, బాధపడొద్దని, ఆమె కోటా అయితే పూర్తయిందని ఓదార్చాడు. ఆ ఓదార్పుతో మార్తకు ఏడుపు ఆగిపోయి ఒళ్లు మండింది. పుట్టి బుద్ధెరిగాక అంత కోపం ఆమెకెప్పుడూ రాలేదు.

మళ్లీ డ్యూటీలో చేరిన నాడు వ్యాను నిండా పాలమూరు వాళ్లను తెచ్చి శిబిరం డేరాలో బెంచీల మీద కూర్చోబెట్టారు. "సిస్టర్, ఇన్‌కో సమ్‌ఝావో," అన్నాడు డాక్టరు, వాళ్లకు నచ్చజెప్పమని. మార్త చేతిలో కత్తెరల ట్రేతోనే వాళ్ల ముందుకు వెళ్లింది.

"ఇక్కడ ఆపరేషన్ చేయించుకున్నందుకే నా మొగుడు చచ్చిపోయాడు," అంది తెలుగులో, మెల్లగా. "వెనకవైపు డేరా తాళ్లు విప్పి ఉంచాను. వెళ్లిపోండి."

భాష రాని డాక్టరు తృప్తిగా తలూపాడు. బెంచీల మీద ఒక్కరూ కదల్లేదు. చివరికి అందరిలోకీ పెద్దవాడు చెన్నకేశవులు నోరు విప్పాడు.

"ఎరుకే సిస్టరమ్మా. మా వాళ్లల్ల గూడ ఒకడు సచ్చిండు. నాకు అరవై దాటినయ్, నాకు పిల్లలు పుడ్తరా? ఆపరేషన్ చీటీ సూపియ్యకుంటె గుడిసెలు కూలగొడ్తరంట. యాడికి పోవాలె?"

నిజం చెబితే చాలు, బతికిపోతారనుకుంది పిచ్చిది. ఇంత లోతుగా బిగించారని తెలియదు. ట్రే నేలకేసి కొట్టి డాక్టరు వైపు తిరిగింది. అదంతా ఈసారి హిందీలో, బయట వరసలో నిలబడ్డవాళ్లకూ వినబడేలా అరిచి చెప్పింది. మీరే చంపి న్యుమోనియా అని రాశారంది. పోలీసులు వచ్చి రెక్కలు పట్టుకున్నా ఆపలేదు. కూలీలను దింపిన వ్యానులోనే ఆమెను ఎక్కించారు.

బాపట్ల నుంచి మార్తే పిలిపించి ఉద్యోగం ఇప్పించిన నర్సు ఆనందకుమారి, ఎవరి వంకా చూడకుండా ట్రే తీసి కత్తెరలు ఏరుకుంది. బెంచీల మీద పడుచువాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కుతున్నారు. చెన్నకేశవులు లేచి తలపాగా తీసి పక్కన పెట్టాడు.

"నన్ను ముందుగాల తీస్కో బిడ్డా," అన్నాడు ఆనందకుమారితో. "ఆమెను జూసి పోరగాండ్లు బెదిరిన్రు."