ఐదుగురు పెంటయ్యల తర్వాత

తెల్లాపూర్‌లో ఆ గేటెడ్ కమ్యూనిటీ లేవకముందు అక్కడ పెంటయ్య వాళ్ల ఊరి జొన్నచేలుండేవి. ఇప్పుడు పధ్నాలుగంతస్తుల బ్లాకులు తొమ్మిది. చేను పోయింది గానీ పార పోలేదు. పెంటయ్య అక్కడే తోటమాలిగా చేరాడు. ఏ చెట్టు ఏ ఏటి వానకు నాటిందో అడిగితే చెప్పగలడు. క్లబ్ హౌస్ వెనక ఉన్న కంపోస్టు గుంట కూడా అతని ఏలుబడిలోదే.

అరవై అయిదేళ్లు వచ్చినా తన పేరు చెప్పుకోవాలంటే మాత్రం అతను ముడుచుకుపోతాడు. గేటు దగ్గరికి కొత్తగా వచ్చిన ప్రతి గార్డూ ఆ పేరు విని ఒకసారి నవ్వుతాడు. కొడుకు సాయిచంద్ పెళ్లిపత్రికలో తన పేరు బాగా చిన్న అక్షరాలతో వేయమని ప్రెస్సువాడిని బతిమాలుకున్నాడు.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఒక శుక్రవారం పొద్దున సి బ్లాకు అమ్మణ్ణిగారు కంపోస్టు గుంట దాకా వచ్చింది. భీమవరం వైపు మనిషి. కొడుకు శ్యామ్, కోడలు వాసంతి ఇద్దరూ గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేస్తారు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని గుంట చుట్టూ ఒకసారి చూసి, ఈ కాలనీలో పెంటకుప్ప లాంటిది ఇదొక్కటేనా అని అడిగింది. తడిచెత్తా పొడిచెత్తా తెల్లారకుండానే బండి ఎత్తుకుపోతుందనీ, ఆకూ అలమూ కుళ్లేది ఇక్కడేననీ పెంటయ్య చెప్పాడు. ఎందుకని అతను అడగనే లేదు, ఆవిడ కళ్లొత్తుకుంది.

వాసంతికి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఒకరు పదకొండు రోజులు బతికితే, ఇంకొకరు రెండు రోజులు. ఇద్దరికీ కడుపులో ఉండగానే పేర్లు ఎంచి, ఫోన్లో రాసి పెట్టుకున్నారు. మూడోవాడు ఆసుపత్రిలో గాజుపెట్టెలో నెలరోజులుండి ఇంటికొచ్చాడు. మూడో నెల నడుస్తోంది, వాడింకా బాబే. పేరు పెడదామంటే చాలు, వాసంతి లేచి లోపలికి వెళ్లిపోతుంది.

"మా వైపూ ఉందయ్యా ఈ ఆచారం. కుప్ప మీద పడుకోబెట్టి, మీరు తీసుకుని, ఆ పేరుతో పిలిచి మళ్లీ మాకు పెంచమని ఇవ్వాలి. వాసంతి సరేనంది. వాడే, శ్యామే ఒప్పుకోవట్లేదు."

ఆ పేరంటే ఏ పేరో ఆవిడ అనలేదు. అనక్కర్లేదు కూడా. పెంటయ్య చేతిలోని పార నేలమీద ఆనించి అలాగే నిలబడిపోయాడు. దాచుకుంటూ వచ్చిన పేరును ఇంత పెద్దింటివాళ్లు వచ్చి అడగడమేమిటి?

శనివారం సాయంత్రం శ్యామ్ తనే వచ్చాడు. నెమ్మదస్తుడు, మాట తూచి అంటాడు. గుంట గట్టు మీద కూర్చుని, అమ్మ మాట కాదనలేకా, అవుననలేకా వచ్చానన్నాడు. డాక్టర్లు పిల్లవాడు బాగున్నాడనే అంటున్నారట. రేపు బడిలో ఈ పేరుకు నలుగురూ ఏడిపిస్తే ఆ బాధ ఎవరిదని అతని బెంగ.

"ఏమీ అనుకోకండి పెంటయ్య గారూ. ఈ పేరుతో బతికి గొప్పవాళ్లయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అసలు?"

"గొప్పోళ్లా? మా పేరోళ్లలనా?" పెంటయ్య నవ్వేశాడు. లేరనబోయి ఆగాడు. ఎదురుగా సి బ్లాకు పార్కింగుకు దిగే దారి. అక్కడొక బావి ఉండేది. దాన్ని తవ్వింది బావి పెంటయ్య. బండకు చెవి ఆనించి, కింద నీళ్లున్నదీ లేనిదీ చెప్పేవాడు. మూడేళ్లు కరువొచ్చినా ఆ బావి ఎండలేదు, చుట్టుపక్కల నాలుగూళ్లు తాగాయి. ఆ సంగతి చెబుతుంటే వెనకే మరొకరు గుర్తొచ్చారు, వాళ్ల గురించీ చెప్పాడు. దసరా కుస్తీల్లో నగరం పహిల్వాన్లను వరసగా ఏడేళ్లు మట్టి కరిపించిన పెంటయ్య. లింగంపల్లి స్టేషన్ నుంచి ఉత్తరాలు మోసిన పెంటయ్య. అతనికి అక్షరం రాదు. స్టేషన్లో ఎవరితోనో ఒకసారి చదివించుకుని, పొలాల మీదుగా నడిచొచ్చి, ఎవరి ఉత్తరం వాళ్లకు పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ఏడ్చేచోట ఏడ్చి మరీ చెప్పేవాడట. గత్తర, అదే కలరా వచ్చినప్పుడు, సొంత కొడుకులే గడప తొక్కని ఇళ్లలోకి గంజి కుండతో వెళ్లిన పెంటయ్య ఇంకొకడు.

"ఇంకొకడు గూడ ఉన్నడు సార్. పేకాట పెంటయ్య. వాడు ఏం జెయ్యలే. కూసొని ఆడిండు, తొంభై ఏండ్లు బతికిండు."

శ్యామ్ నవ్వాడు. ఇంతమందికి ఒకే పేరు ఎలా వచ్చిందని అడిగాడు.

"ఊకెనే రాలే సార్. మా అమ్మకు నాకంటె ముందుగాల ముగ్గురు. వాళ్లకు పేర్లు లేవు. పేరు పెట్టేదాంక ఉండలే. బావి పెంటయ్య ముందట నలుగురంట. పహిల్వాన్ ముందట ఇద్దరు." అతను వేళ్లు మడుస్తూ మడుస్తూ మధ్యలో ఆపేశాడు. "ఒక్కొక్క పెంటయ్య ఎనక గంతమంది నిలవడ్డరు. నేనిన్నేండ్లు గిది సోంచాయించనే లేదు."

తను సిగ్గుపడ్డ పేరు ఆడవాళ్లు మృత్యువుకు అడ్డం కట్టిన చాప అని అతనికి అప్పుడు తోచింది. ఇది చెత్త, దీనివైపు చూడకు అని చెప్పి కన్నబిడ్డను దాచుకున్నారు. అలా దాగిన బిడ్డలు బావులు తవ్వారు, ఉత్తరాలు మోశారు, కుస్తీలు గెలిచారు. పేరు లేకుండా పోయిన అన్నలూ అక్కలూ ఎందరో ఈ ఒక్క పేరు వెనక మెసలుతున్నట్టు, పార్కింగు మీది గాలి కూడా అతనికి బరువుగా అనిపించింది. శ్యామ్ లేచి, బావి ఉండిన చోటు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఆదివారం పెంటయ్య గుంటలో పైమట్టి తీసేసి, రోకలిబండ పురుగులూ చీమలూ లేకుండా గాలించి, ఎండుటాకుల మీద వేపరెమ్మలు మెత్తగా పరిచాడు. వస్తారో రారో తెలియదు. అయినా భార్య రుక్కమ్మను పిలిపించాడు. ఆమె తువ్వాలలో నూకలు మూటకట్టుకుని వచ్చింది.

తొమ్మిదింటికి సి బ్లాకు లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ముందుగా శ్యామ్ వచ్చాడు. చేతిలో కొత్త చాట, దాని మీద కంపెనీ స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. వెనక అమ్మణ్ణి, ఆవిడ వెనక పిల్లవాడిని గుండెకు అదుముకుని వాసంతి.

చాటలో పడుకోబెట్టి కుప్ప మీద దించేవరకూ బాగానే జరిగింది. చేతులు తీయడమే వాసంతి వల్ల కాలేదు. వేళ్లు చాట అంచుకు అతుక్కుపోయినట్టున్నాయి.

"ఇడువు బిడ్డా," అంది రుక్కమ్మ, పక్కన చతికిలబడి. "నువ్విడిస్తెనే గద నేను తీస్కునేది. జరంత సేపు నీ బిడ్డ గాడు. గా జరంత సేపే."

వాసంతి కళ్లు మూసుకుని ఒక్కొక్క వేలే తీసింది. రుక్కమ్మ చాటెత్తుకుంది. ఎవరో పారేసిన పిల్లగాడు, మేం తీస్కపోతున్నం అని అందరికీ వినబడేలా అంది. బిడ్డకు వెలగా నూకలు వాసంతి చున్నీలో పోసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. పేరు పెట్టి పిలవాల్సింది అతనే.

పెంటయ్య వంగాడు. తన పేరును తను ఇంకొకరి చెవిలో ఏనాడూ చెప్పలేదు. మొదటిసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి పేరు స్పష్టంగా పలికింది. పిల్లవాడు పెదవులు చప్పరించి, మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు.

మాకు సాదే తీరిక లేదు, జర నువ్వే సాదు అంటూ రుక్కమ్మ వాసంతి ఒళ్లో పెట్టింది. వాసంతి వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది. శ్యామ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు, అంతే.

"పెంటయ్యా," అని పిలిచింది వాసంతి.

ఆ పేరు వినబడితే పలకడం అతనికి అరవై ఏళ్ల అలవాటు. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని, పెంటయ్య ఒక అడుగు పక్కకు జరిగి వాళ్లకు దారిచ్చాడు.