రూబీ పేరు పక్కన పచ్చచుక్క

కొనకనమిట్లలో జెరాక్సు దుకాణం నడిపే జాషువాకు ఒక జబ్బు ఉంది. ఏ పని మొదలుపెట్టినా నలుగురూ మెచ్చుకునేదాకా తిండి మానేసి చేస్తాడు. మెచ్చుకున్నాక, మిగిలింది రేపు చూద్దాం అంటాడు. ఆ రేపు రాదు.

మార్కాపురంలో డిగ్రీ రెండో ఏడు ఆపేశాడు. ప్రోగ్రాములు రాయడం మాత్రం ముప్పై దాటాక ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. అందులో ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది. తక్కిన సగం రాసి చూసి, తప్పొస్తే తిట్టుకుని, మళ్లీ రాసి తెలుసుకున్నాడు. ఆ పట్టుదలకు ఎవరైనా దండం పెట్టాల్సిందే.

వాళ్ల పాలెంలో మిరప కోతలొస్తే సగం ఇళ్లకు తాళాలు పడతాయి. అప్పుడే ఎవరైనా పోతే పెద్ద చిక్కు. పొద్దుగూకేలోపు భూస్థాపన చేయాలి, ఊళ్లు పట్టిపోయినవాళ్లకు ఆలోపే కబురందాలి. వాట్సాప్ గ్రూపు ఉంది గానీ, అందులో గుడ్ మార్నింగులు, బైబిలు వాక్యాలు, పుట్టినరోజు కేకుల మధ్య చావు కబురు మునిగిపోయేది. సొంత మేనమామ పోయిన సంగతి ఒకడు మూడో రోజు చూసుకుని ఏడ్చాడు.

అది చూసి జాషువా వాళ్ల చర్చి సంఘం కోసం ఒక పేజీ తయారుచేశాడు. మామూలు పేజీ మనం అడిగితేనే చెబుతుంది. ఇది అలా కాదు. తెరవగానే ఫోనుకూ సర్వరుకూ మధ్య ఒక లైను పడుతుంది, మాట అయిపోయినా పెట్టెయ్యని ఫోన్ కాల్ లాగా. కొత్త కబురు రాగానే ఎవరూ అడక్కుండానే సర్వరు దాన్ని అందరి ఫోన్లకూ తోస్తుంది. దీన్ని వెబ్‌సాకెట్ అంటారని అతను చర్చిలో చెబితే ముసలివాళ్లు గంభీరంగా తలలూపారు. లైను ఉన్నవాళ్ల పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతుంది. కబురు వెళ్లగానే ‘చేరింది’ అని పడుతుంది. ఆదివారం అందరూ చప్పట్లు కొట్టారు. తొమ్మిది ఊళ్ల సంఘాలకు దీన్ని ఇప్పిద్దామని పాస్టరు అయ్యగారు ప్రకటించారు. జాషువా ఆ వారమంతా నేల మీద నడవలేదు.

ఆ పేజీ కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది ఎలీషబా. ఆమె కూతురు రూబీ తనకు నచ్చినవాణ్ని చేసుకుని ముండ్లమూరు వైపు వెళ్లిపోయింది. తండ్రి వరప్రసాదం గడప తొక్కొద్దన్నాడు. నాలుగేళ్లు మాటల్లేవు, ఇంట్లో ఆమె నంబరు కూడా లేదు. అలాంటి రూబీ ఎవరిద్వారానో లింకు సంపాదించి ఆ పేజీలో చేరింది. ఏమీ రాసేది కాదు. ఎలీషబా రోజూ దుకాణం ముందు ఆగేది.

“జాషువా, పాప పేరు కాడ చుక్క ఉందా?”

“ఉంది పెద్దమ్మా.”

అంతే, కూలికి వెళ్లిపోయేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున వరప్రసాదం గుండె ఆగి పోయాడు. పదకొండుంబావుకు జాషువా కబురు పంపాడు. రూబీ పేరు పక్కన ‘చేరింది’ పడింది. ఎవరో అన్నారు, “ముండ్లమూరోళ్లనడిగి నంబరు కనుక్కుందామా, నోటితో గూడా చెప్తే మంచిది గదా?”

“ఏం అక్కర్లా, చేరింది,” అన్నాడు జాషువా. ఎలీషబాకు ఫోన్ చూపించాడు కూడా.

బండి మీద రెండు గంటల దారి. ఐదు దాకా ఆగారు. రోడ్డు మీద బండి చప్పుడైతే చాలు ఎలీషబా లేచి చూసేది. చివరికి అయ్యగారు బైబిలు తెరిచారు. సమాధుల తోటలో ఆడవాళ్లు ఆ మాట అననే అన్నారు, తెలిసి కూడా రాలేదని. ఎలీషబా ఏడుపు ఆపేసింది. “నాకు బిడ్డ లేదు,” అంది.

మర్నాడు ఎవరిద్వారానో సంగతి తెలిసి రూబీ ఎవరి ఫోన్ నుంచో తల్లికి చేసి గుండెలు బాదుకుంది. తనకు ఏ కబురూ రాలేదంది. ఎలీషబా వినలేదు. “నా కండ్లతో చూసినా. చేరింది అని ఉంది,” అని పెట్టేసింది.

ఆ మాట జాషువా చెవిన పడింది. సర్వరు రాసుకునే రికార్డు తీశాడు. రూబీ ఫోన్ నుంచి ఆఖరిసారి ఏదైనా వచ్చింది పొద్దున తొమ్మిదీ నలభైకి. తర్వాత ఆమె మిరప చేలోకి వెళ్లింది, అక్కడ సిగ్నల్ లేదు, లైను చడీచప్పుడూ లేకుండా తెగింది. సర్వరు ఆ తెగిన లైనులోకే కబురు వదిలి, వదిలాను కదా అని ‘చేరింది’ అని రాసుకుంది, ఇక మళ్లీ పంపలేదు. అలా రాయమని చెప్పింది జాషువానే. మధ్యమధ్య సర్వరు ‘ఉన్నావా’ అని అడగాలనీ, అవతలి ఫోను ‘అందింది’ అని జవాబిస్తేనే నమ్మాలనీ వీడియోలో చెప్పారు. సరిగ్గా అక్కడే, చప్పట్లు పడిన ఆదివారం, అతను వీడియో ఆపాడు.

ఆ రికార్డు చదవగలిగినవాడు మండలంలో అతనొక్కడే. నోరు మూసుకుంటే తొమ్మిది ఊళ్లలో పేరు మిగులుతుంది. రోజంతా అదే ఆలోచించాడు. ఆలోచించినందుకు ఆ తర్వాత ఎన్నాళ్లో సిగ్గుపడ్డాడు.

మూడో రోజు, చావింటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు రూబీ వచ్చింది. తల్లి తల తిప్పేసుకుంది. రూబీ గుమ్మం దగ్గరే చెప్పుల పక్కన కూర్చుంది. సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అయ్యగారు అడిగారు. జాషువా లేచాడు.

“రూబీకి కబురు చేరలా. చేరింది అన్నది నా తప్పు. నంబరు కనుక్కుందాం అన్నోళ్లను ఆపింది నేనే. ఆ పాప మీద ఒక్క మాట గూడా అనొద్దు. పెద్దమ్మా, నన్ను క్షమించు.”

ఎలీషబా మెల్లగా లేచింది. జనం మధ్యలోంచి గుమ్మం దాకా వెళ్లి కూతురి పక్కన కూలబడి, ఆమె తల తన ఒళ్లోకి లాక్కుంది. ఇద్దరి ఏడుపూ కలిసిపోయింది. బయటికొచ్చాక మగవాళ్లు జాషువా భుజం తట్టారు, నిజం చెప్పావన్నారు. అతనికి భారం దిగినట్టయింది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటుంటే రూబీ వచ్చి పక్కన నిలబడింది.

“అన్నా, తిట్టడానికి రాలా. నాయన మీద నాలుగేండ్లు కోపం పెట్టుకున్నా. కబురు అందుంటే వచ్చుందునా, పంతానికి ఆ చేలోనే ఉండిపోదునా? అందరూ వచ్చుండేదానివే అంటుండారు. అమ్మ గూడా అంటుంది. నాకు మటుకు తెలీదన్నా. అది ఆ దినమే తేలాల్సింది. ఇంక తేలదు.”

ఇందాక అంతమంది ముందు క్షమించమన్నాడు జాషువా. దేనికి క్షమించమని అడగాలో మాత్రం ఇప్పుడు తెలిసింది.