ముఖానికొకటి, మడమలకొకటి

దాచేపల్లిలో కాపురం పెట్టాక నా ముఖం మీద నాకు శ్రద్ధ పెరిగింది. మా ఇంటి ముందు నుంచి రోజంతా సున్నపురాయి లారీలు పోతుంటాయి. పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ దుమ్ము కిటికీ మీద పడుతుంటే నా బుగ్గల మీద మాత్రం పడదా అన్న ఆలోచనతో మొదలైంది అంతా. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తారు. రోజూ ఆ బూడిదరంగులోనే ఇంటికొచ్చి, ఒంటికి రాసుకునే సబ్బుతోనే ముఖమూ కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుంటారు. పెళ్ళినాడు ఎలా ఉన్నారో ఇప్పటికీ అలాగే ఉన్నారు. ఆ విషయాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఫోన్లో ఒక వీడియో చూస్తే దాని వెనకాల అలాంటివే వరసకట్టి వస్తాయి. ఆ వీడియోల్లో అమ్మాయిలు అద్దం ముందు కూర్చుని, ముఖానికి ఒకదాని మీద ఒకటి పూసుకుంటూ, చర్మానికి రక్షణగా ఒక గోడ ఉంటుందనీ, అది దెబ్బతింటే ఇక అంతేననీ చెప్పేవారు. నా ముఖంలో ఒక గోడ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. తెలిశాక కూలిపోతుంటే చూస్తూ ఊరుకోలేం కదా. ముఖం కడుక్కోవడానికొకటి, కడుక్కున్నాక దూదితో అద్దుకోవడానికొకటి, చుక్కలుగా వేసుకునే సీరమ్, ఎండకు వెళ్ళేముందు రాసుకునేది, పడుకునేముందు రాసుకునే క్రీము, ఇలా ఒక్కొక్కటే ఇంట్లోకి వచ్చాయి. అన్నిటిలోకీ ఆ క్రీమే ఖరీదు. బరువైన గాజు బుడ్డి, బంగారురంగు మూత, తీసుకోవడానికి గోరంత గరిటె. ఆ గరిటెతో శనగగింజంత తీసుకుని, కింద నుంచి పైకి రాసుకోవాలి. దాని ధర నేను ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మా ఆయనా అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని ఆయనకు తెలుసు.

నేను ఇక్కడి ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. క్లాసు లేనప్పుడు స్టాఫ్ రూములో చర్మం గురించి చెప్పేదాన్ని. సీరమ్ సీసా మీద రాసి ఉండే నయాసినమైడ్ అనే మందు పేరును తడబడకుండా పలకగలిగేది స్కూలు మొత్తంలో నేనొక్కదాన్నే. ఆ పలకడమే నాకు డిగ్రీ అయిపోయింది. నా ఎదుటి కుర్చీలో కూర్చునే లెక్కల మేడం అందరికంటే శ్రద్ధగా వినేది. చిన్న వయసు, చదువు అయిపోగానే ఉద్యోగంలో చేరిన అమ్మాయి. గురజాలలో వాళ్ళ నాన్నకు మెకానిక్ షెడ్డు. మొదటి జీతం తీసుకున్నాక నన్నే అడిగి, నేను వాడే క్రీమే తెప్పించుకుంది. అప్పుడు నాకు కలిగిన గర్వం, నా క్లాసు పిల్లలకు ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఆ రోజుల్లోనే మా అత్తగారు నరసరావుపేటలో కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, చుక్కలు వేసే మనిషి కావాలని మా ఇంటికి వచ్చారు. ఆమెది మాచవరం. ఆమె బతుకంతా మిరపచేలల్లో, పత్తిచేలల్లో గడిచింది. మడమలు ఎంతగా పగిలాయంటే, దుప్పటి దారాలు ఆ పగుళ్ళలో చిక్కుకునేవి. చీర కుచ్చిళ్ళ అంచులు తడవతడవకూ కాలికి పట్టుకుని లాగేవి. ఆమె వంగి విడిపించుకునేవారే తప్ప, దాన్నొక జబ్బుగా ఎన్నడూ అనుకోలేదు.

ఒకరోజు నేను అద్దం ముందు ఉంటే వచ్చి మంచం మీద కూర్చున్నారు. నల్ల కళ్ళద్దాలు కాస్త పైకెత్తి చూశారు.

"ఏందమ్మాయ్ అది?"

"ముఖానికి రాసుకునే క్రీము అత్తయ్యా."

"రాస్తే ఏమైద్ది?"

"చర్మం పగలకుండా మెత్తగా ఉంటుంది."

"నీ మొహమేం పగల్లేదుగా?"

"పగలకుండా ఉండాలనే కదా రాసుకునేది."

ఆమె నా ముఖం వంక చూశారు. తర్వాత తన కాళ్ళ వంక చూసుకున్నారు. విషయం ఆమెకు అర్థం కాలేదనుకుని నేను మూత పెట్టేశాను.

కొన్నాళ్ళకు ఆమె మడమలు మెత్తబడటం నేను గమనించాను. చేలో తిరగటం లేదు, నీళ్ళలో నానటం లేదు, విశ్రాంతి దొరికితే ఒళ్ళు దానంతటదే బాగుపడుతుందని మా ఆయనకు వివరించాను కూడా. ఇంకో వింత కూడా గమనించాను. నా క్రీము తరగటం లేదు. అంతకు ముందు బుడ్డి ఇట్టే అయిపోయేది. ఇప్పుడు ఎంత రాసుకున్నా నిండుగానే కనిపిస్తోంది. "ఖరీదైన వాటి గొప్పతనం అదే. రాయగా రాయగా చర్మానికి అలవాటై, కొంచెమే చాలుతుంది," అని స్టాఫ్ రూములో చెప్పాను. మొదట్లో ఉన్న పూల వాసన కూడా క్రమంగా పోయింది. వాసన లేని క్రీములే మంచివని ఒక వీడియోలో విని ఉన్నాను కాబట్టి, కంపెనీవాళ్ళకు బుద్ధి వచ్చిందనుకున్నాను. స్కూలు వార్షికోత్సవంలో కరస్పాండెంటుగారి భార్య నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి, ముఖానికి ఏం రాస్తున్నావని అడిగింది. నేను పేరు చెప్పాను. ఆమె ఫోన్లో రాసుకుంది.

ఒక ఆదివారం మా వదిన, అంటే మా ఆయన అక్క, తల్లిని చూడటానికి గురజాల నుంచి వచ్చింది. వాళ్ళిద్దరూ వరండాలో కూర్చున్నారు. నేను టిఫిన్ ప్లేట్లు పట్టుకుని గడప దాటుతుండగా వదిన గొంతు వినిపించింది.

"అమ్మా, ఇయ్యి నీ కాళ్ళేనా? ఇట్టా నున్నగా అయినయ్యేంది?"

"కోడలి మొహం క్రీము రాస్తన్నాలే," అన్నారు అత్తగారు.

నేను అక్కడే నిలబడిపోయాను. "నా క్రీమా అత్తయ్యా?"

"ఆఁ, ఆ బంగారు మూత బుడ్డిలోది. పగలకుండా చూసిద్దని నువ్వేగా చెప్పావు? పగలని మొహానికే పనిచేస్తే పగిలిన కాళ్ళకి చెయ్యదా అని రాశా. చానా మంచి మందమ్మాయ్. ఊరికే అనటం కాదు, చూడు." కాలు ముందుకు చాపి చూపించారు.

"మరి బుడ్డి నిండుగానే ఉంటోంది కదా?"

ఆమె ముఖంలో మొదటిసారి కాస్త నొచ్చుకున్న ఛాయ కనిపించింది. "ఉండదా మరి? ఊరికే వాడుకుంటానా నేను? కంటి చుక్కలకి మందులషాపుకి పోయినప్పుడు, మొహానికి రాసే తెల్ల క్రీము ఇయ్యవయ్యా అంటే ట్యూబు ఇచ్చాడు. నేను తీసుకున్నంతా మళ్ళీ దాంట్లో పెడతన్నా. నీ సొమ్ము నాకెందుకు?"

ఆమె చెప్పింది అబద్ధం కాదు. వాళ్ళ ఊళ్ళో పక్కింటి నుంచి గ్లాసుడు పంచదార తెచ్చుకుంటే, కొట్టు నుంచి సరుకు రాగానే గ్లాసుడు పంచదార తిరిగిచ్చేస్తారు. ఇచ్చింది ఏ కొట్టుదని ఎవరూ అడగరు. పంచదారకు పంచదార, క్రీముకు క్రీము. ఆ న్యాయం ప్రకారం మా అత్తగారు నాకు ఏమీ బాకీ లేరు. వదిన మాత్రం నవ్వలేక పొట్ట పట్టుకుని వరండా గోడకు ఆనుకుంది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో క్రీము ధర నోరు జారి పైకి చెప్పేశాను. అత్తగారు "ఎంతా?" అని మళ్ళీ చెప్పించుకుని విన్నారు. నేల మీద ఆనించి ఉన్న కాళ్ళను రెంటినీ జాగ్రత్తగా ఎత్తి కుర్చీలో పెట్టుకున్నారు. ఆ రోజు సాయంత్రం దాకా దింపలేదు.

లోపలికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. అదే ముఖం. కరస్పాండెంటుగారి భార్య మెచ్చుకున్న ముఖం. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది అత్తగారి మీద కాదు, ఆ ముఖం మీద. ఇన్నాళ్ళూ అంత ఖరీదైనది పెట్టి పోషిస్తే, మధ్యలో మారిపోయిన సంగతి కూడా కనిపెట్టలేకపోయింది. పైగా ఇంకాస్త మెరిసింది.

మా ఆయన ఇదంతా విని, "మా ల్యాబులో శాంపిలు మీద కంపెనీ పేరు రాయం, నంబరే వేస్తాం. పేరు తెలిస్తే రిపోర్టు మారుద్దని. అమ్మ ఏం చదువుకోకుండానే ఆ పద్ధతి పాటించింది చూడు," అన్నారు. ఆ సాయంత్రం టీ ఆయనే పెట్టుకున్నారు.

కొన్నాళ్ళు బింకంగానే ఉన్నాను. బుడ్డి అడుగు కనిపించాక మళ్ళీ ఆర్డరు పెట్టబోయాను. వేలు ఆ బటను దగ్గరకు వెళ్ళి ఆగిపోయింది. మడమల మెరుపు కళ్ళముందు కదిలింది. ఫోన్ పక్కన పెట్టేసి, అత్తగారు అటక మీద దాచిన ఖాళీ ట్యూబు తీసుకుని బస్టాండు దగ్గర జనరిక్ మందుల షాపుకు బయల్దేరాను. ఎవరైనా చూస్తారేమోనని చున్నీ ముఖానికి చుట్టుకున్నాను. దాచేపల్లిలో ఆ సౌకర్యం ఉంది. దుమ్ముకు అందరూ చుట్టుకుంటారు, ఎవరూ అనుమానించరు.

షాపులో నా ముందు ఇంకో ఆడమనిషి అలాగే చున్నీ చుట్టుకుని నిలబడి ఉంది. నేను ట్యూబు చూపించగానే షాపతను, "మీక్కూడా ఇదేనా?" అని రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టాడు. ఆమె తిరిగి చూసింది. ఆ కళ్ళు నాకు రోజూ ఎదుటి కుర్చీలో కనిపించేవే.

"మేడం, మీరా?" అంది లెక్కల మేడం.

"మా అత్తగారికమ్మా. మడమలకి."

"నేనూ మా అమ్మకే మేడం. మోచేతులకి."

ఇద్దరం బయటికొచ్చి చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. గ్లాసు చేతికి వచ్చాక ఆమెకు చున్నీ తీయక తప్పలేదు. "మీకు కోపం రాదంటే ఒకటి చెప్తా," అంది. "మీరు చెప్పిన క్రీము రాస్తే నాకు బుగ్గల నిండా దద్దుర్లు లేచినయ్యి. నరసరావుపేటలో స్కిన్ డాక్టరు అన్నీ ఆపేసి ఈ ట్యూబు ఒక్కటే రాసుకోమన్నారు. మీరు బాధపడతారని చెప్పలా."

ఆ దద్దుర్లు నాకు గుర్తున్నాయి. క్రీము లోపల పనిచేస్తోందనడానికి అదే గుర్తని ఆమెకు ధైర్యం చెప్పింది నేనే. ఇక దాచి లాభం లేదని మా అత్తగారి కథ మొత్తం చెప్పాను. మడమల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు పొలమారి చెరుకురసం ముక్కులోకి పోయింది. బండివాడు రెండో గ్లాసు డబ్బులు తీసుకోలేదు. ఎందుకో తెలియదు, మా నవ్వు చూసి కాబోలు.

తర్వాతి సోమవారం స్టాఫ్ రూములో నేను నిజం చెప్పాను. అందరిముందూ ట్యూబు తీసి టేబులు మీద పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. తెలుగు టీచరు దాన్ని ఓసారి చూసి, "చెప్పటం ఇష్టం లేకపోతే మానెయ్యండి మేడం. మమ్మల్ని మరీ ఇట్టా ఆడించొద్దు," అంది. లెక్కల మేడం సాక్ష్యం చెబితే, నేను ఆమెకు నేర్పించానన్నారు. ఆ మధ్యాహ్నం నుంచి నేను అంతకంటే ఖరీదైనదేదో వాడుతున్నానన్న మాట బయల్దేరింది. కరస్పాండెంటుగారి భార్య కబురు పెట్టి మరీ అడిగింది. ట్యూబు పేరు చెబితే ఈసారి ఫోన్లో రాసుకోలేదు. నాతో మాట్లాడటం కూడా తగ్గించింది.

కన్ను బాగుపడ్డాక అత్తగారు మాచవరం వెళ్ళిపోయారు. అరుగు మీద కాళ్ళు చాపుకుని, వచ్చేపోయేవాళ్ళకు చూపించి, ధర చెబుతున్నారని వదిన ఫోన్ చేసి చెప్పింది. ధర వారానికోసారి పెరుగుతోందట. మిరపకోతలు మొదలవగానే ఆమె కూలీల వెనక చేలోకి వెళ్ళనే వెళ్ళారు. మడమలు మళ్ళీ పగిలాయి. బస్సులో వెళ్ళే చుట్టాలతో నేను నా ట్యూబుల్లోంచి రెండు పంపించాను. రెండు వారాలకు ఆమె నుంచి ఫోన్ వచ్చింది.

"ఏమే, నువ్వు పంపిన ట్యూబు రాశా. మంచిదే కానీ, అది మొహానికైతే సరిపోయిద్ది, కాళ్ళకి చాలదే. ఆ బంగారు మూతది ఉంటే పంపియ్యి."

"దాని ధర మీకు తెలుసు కదా అత్తయ్యా."

"తెలుసు కాబట్టేగా అడగతంది. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నా. ఇప్పుడీ పగుళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

తగ్గింపు ధరలు పెట్టిన రోజు చూసి, అదే బుడ్డి ఆర్డరు పెట్టి, మాచవరం చిరునామా ఇచ్చాను. పార్సిలు చేరేరోజు నేను క్లాసులో ఉండగా డెలివరీ అతను ఫోన్ చేశాడు.

"మేడం, ఇది ముఖానికి రాసే క్రీము అని ఉంది. ఇక్కడ ఒక పెద్దావిడ కాళ్ళు చాపి, దీనికే ఎదురుచూస్తున్నానంటోంది. ఆమెకి ఇవ్వొచ్చా?"

"ఇవ్వండి, ఆమెకే," అన్నాను.