పడవ కుక్కకు నేర్పిన నడక

మీరు పంపిన వీడియో చూశాను. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాను. గొలుసు బిగలాగుతూ కుక్క ముందు పోతుంటే, చెప్పులు ఈడ్చుకుంటూ దాని వెనకాల నువ్వు పోతున్నావు. వీడియో తీస్తున్న తమ్ముడి నవ్వు కూడా వినిపించింది. లాగకుండా నడవడం ఎలా నేర్పాలి అమ్మమ్మా, నీకు తెలుసట కదా అని అడిగారు. తెలుసు. మీ అమ్మ చెప్పి ఉంటుంది. దానికి తెలిసింది సగమే, మిగతా సగం దానికీ చెప్పలేదు. ఫోనులో అయితే మధ్యలో ఆపేస్తాను. అందుకని రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, ఉప్పుకాలవ గట్టు మీద ఊరు. మద్రాసు దాకా పోయే ఆ కాలవలో అప్పట్లో పడవలే లారీలు. సరుగుడు కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల అన్నీ వాటి మీదే పోయేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే గెడ వేసేవాళ్ళు, రెండూ పనికిరాని చోట గట్టు మీదికి దిగి తాడు భుజాన వేసుకుని లాగేవాళ్ళు. మా నాయన ముప్పై ఏళ్ళు అలా లాగాడు. పడవ మా సొంతమే. సొంతమైనంత మాత్రాన భుజానికి సెలవు దొరకదు.

ఆ పడవలో ఒక కుక్క ఉండేది. గోధుమ రంగుది, వెడల్పాటి ఎద. ఎవరూ పేరు పెట్టలేదు, పడవ కుక్క అనేవాళ్ళం. పిల్లగా ఉన్నప్పుడు పడవవాళ్ళు సరదాకి దాని ఎదకు గోనెపట్టీ కట్టి లాగుడు తాడుకు తగిలించారట. తాడు బిగిసేసరికి అది తల దించి మనుషులతో పాటు లాగింది. అందరూ భలే భలే అన్నారు, ఎండుచేప పెట్టారు. దాని చదువు అక్కడే పూర్తయింది. తాడు బిగిసిందంటే లాగాలి.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో నాయనకు నీటికాసులు వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అమ్మ అంతకు రెండేళ్ళ ముందే చనిపోయింది. పడవ అన్న చేతికి వచ్చింది. వదినకు చంటిబిడ్డ, ఇంటి పని. నాయనను చర్చికీ, కాలవ మీది లాకు దగ్గరికీ, చెంబు పట్టుకుని పొలానికీ తిప్పే పని నా మీద పడింది. కర్ర ఒక కొస ఆయన పట్టుకునేవాడు, రెండో కొస నేను పట్టుకుని ముందు నడిచేదాన్ని. నాకు పదిహేనేళ్ళు. ఎనిమిదో తరగతి పాసయ్యాను. ఆ రోజుల్లో ఎనిమిది పాసైన ఆడపిల్లల్ని నెల్లూరులో టీచరు ట్రైనింగుకి తీసుకునేవాళ్ళు, ఉండడానికి హాస్టలు కూడా ఇచ్చేవాళ్ళు. జూన్‌లో చేరమ్మా, నేను రాసి పంపుతాను అన్నారు మా చర్చి అయ్యగారు.

అన్న ఒక్కటే అడిగాడు. "నువ్వు పోతే నాయన్ను ఎవురు తిప్పేది? పడవ కట్టేసి నేను తిప్పేదా?"

నాయన కళ్ళు పోయినప్పటినుంచి పడవ కుక్క పడవెక్కడం మానేసి ఆయన కాళ్ళ దగ్గరే పడుకుంటోంది. నా చూపు దాని మీద పడింది.

"కుక్క తిప్పుద్ది," అన్నాను.

అన్న పగలబడి నవ్వాడు. "అదా? నాయన్ను మద్రాసు దాకా ఈడ్చుకపోద్ది."

"నేను నేర్పుతా. జూన్‌లోపల నేర్పితే పంపిస్తావా?"

"నేర్పు, చూద్దాం."

నాయన వద్దనలేదు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

క్రిస్మస్ పండగ దాటగానే మొదలుపెట్టాను. పాత వల తాడు నానబెట్టి మెత్తగా చేసి, రెండు బారలు కోసి దాని మెడకు కట్టాను. వాకిలి దాటగానే అది ముందుకు దూకింది. నేను వెనక్కి లాగాను. ఎవరైనా అదే చేస్తారు. మీరూ అదే చేస్తున్నారు, వీడియోలో కనబడింది. కానీ పడవ కుక్కకు వెనక్కి లాగడమంటే ఏమిటి? వెనకాల బరువు పెరిగింది, ఇంకా గట్టిగా లాగమని. అది తల నేలకు ఆనించి, నాలుగు కాళ్ళూ పాతి లాగింది. నేను బోర్లా పడ్డాను. గట్టు నిండా గుల్ల, రెండు మోకాళ్ళూ చీరుకుపోయాయి. నేను లేచి మళ్ళీ వెనక్కి లాగాను, అది మళ్ళీ నన్ను పడేసింది. ఆ పూట నాలుగుసార్లు పడ్డాను.

కోట రోడ్డులో జట్కా తోలే సాయిబు మామ గట్టు కింద గుర్రానికి గడ్డి కోసుకుంటూ ఇదంతా చూస్తున్నాడు.

"ఏందిమే, అది నిన్ను పడవనుకున్నట్టుండాది!" అన్నాడు.

"నవ్వబాక మామా. లాగొద్దంటే ఇంకా లాగతా ఉండాది."

"నువ్వు లాగితే అది లాగకేం జేస్తది? తాడు బిగిస్తే దానికి పని. ఒదులైతే సెలవు. నువ్వు దాన్ని తిరగేసి నేర్పాల. తాడు బిగిసిందా, గుంజ మాదిరి నిలబడిపో. లాగబాక, తిట్టబాక. ఎంత లాగినా పడవ కదలదని దానికే తెలియాల."

"కదలకపోతే నేనెట్ట పొయ్యేది?"

"తాడు ఒదిలినప్పుడు పో. అదంతట అది నీ తట్టు తిరిగి చూసినప్పుడు ఎండుచేప పెట్టు. మొదుట్లో దినమంతా వాకిట్లోనే ఉంటావు, ఏడస్తావు కూడా. మా గుర్రానికి అట్టనే చేసినా."

అతను చెప్పినట్టే చేశాను. మా ఇంటినుంచి చర్చి నూరు గజాలు ఉంటుందేమో. మొదటి ఆదివారం గంట కొట్టక ముందే బయల్దేరాను. తాడు బిగిసినప్పుడల్లా నిలబడ్డాను. అది లాగి లాగి, రొప్పి, చివరికి ఏమైందీ పిల్లకి అన్నట్టు వెనక్కి తిరిగేది. తాడు వదులయ్యేది. చేప ముక్క పెట్టి ఒక అడుగు వేసేదాన్ని. మళ్ళీ బిగిసేది. చర్చి గేటు చేరేసరికి లోపల అందరూ ఆఖరి పాటకు లేచి నిలబడ్డారు. గట్టు మీద పోయే పడవవాళ్ళు నన్ను చూసి, "పడవ యాడ పెట్టినావు పాపా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. తల తిప్పేదాన్ని కాదు. వాళ్ళ వంక చూస్తే కుక్క కూడా అటే లాగేది.

సంక్రాంతి అయిపోయింది, శివరాత్రి వచ్చింది. అది లాగడం మానలేదు, తగ్గించింది. మరో నెలకు తాడు బిగిసీ బిగియకముందే ఆగిపోవడం నేర్చుకుంది. తర్వాత నా ఎడమ మోకాలికి వీపు ఆనించి నడిచేలా అలవాటు చేశాను. చేప ముక్క ఎప్పుడూ మోకాలి దగ్గరే అందించేదాన్ని. నాయనకు కనబడదు కదా, కుక్క ఎటు తిరుగుతోందో ఆయన మోకాలికి తెలియాలి.

ఇక్కడిదాకా మీకు కావలసింది అయిపోయింది. నిలబడండి, తాడు వదులైతే నడవండి, చూసినప్పుడు తినడానికి ఏదైనా పెట్టండి. మూడు నెలలు పడుతుంది. మీకు చాలనుకుంటే ఇక్కడ ఆపేయవచ్చు.

నేను అసలు లెక్కలోకి తీసుకోనిది నాయన భుజం. ఏప్రిల్లో తాడు ఆయన చేతికి ఇచ్చాను. కాకి ఎగిరిందో ఏమో, కుక్క అరడుగు ముందుకు కదిలింది, తాడు కొంచెం బిగిసింది. అంతే, నాయన ఒళ్ళు ముందుకు వంగింది, తాడు భుజం మీదికి పోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆయన లాగేసరికి కుక్కకు పాత చదువు గుర్తొచ్చింది. ఇద్దరూ కలిసి లేని పడవను పది గజాలు లాక్కుపోయి, పక్కింటివాళ్ళ చిక్కుడు పందిట్లో పడ్డారు.

"నాయనా, నువ్వు గూడా లాగితే ఎట్ట?"

"నేనేం జేసేది పాపా. లాగొద్దని నాకు తెలస్తది. భుజానికెవురు చెప్పాల?" అంటూ నవ్వాడు. కళ్ళు పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. నేనూ నవ్వాను.

అందుకని నాయనకు కూడా నేర్పాను. తాడు బిగిస్తే నిలబడమని, కుక్కకు చెప్పిన మాటే. మే నెల మధ్యకొచ్చేసరికి ఎడం చేత్తో తాడు వదులుగా పట్టుకుని, కుడి చేత్తో కర్ర తాటించుకుంటూ, మోకాలికి కుక్క వీపు తగులుతుండగా ఆయన ఒక్కడే చర్చికి పోయి వచ్చాడు. లాకు దాకా వెళ్ళి పడవవాళ్ళతో కబుర్లు చెప్పి వచ్చాడు. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి చూసింది. అన్న కూడా చూశాడు. "సాధించినావు మే," అన్నాడు. అయ్యగారు నా కాగితాలు పంపారు, రమ్మని జవాబు వచ్చింది. గూడూరు నుంచి రేకు పెట్టె తెప్పించుకున్నాను. నీలం రంగుది.

ఎండాకాలం కాలవలో నీళ్ళు తగ్గుతాయి. నీళ్ళు నిలబెట్టి పడవల్ని దాటించే తలుపుల్ని లాకు అంటారు. ఆ రోజుల్లో దాన్ని రోజుకు ఒకటి రెండుసార్లే తెరిచేవాళ్ళు. పడవలు వరుసలో మూడేసి రోజులు కాచుకోవాలి. ముందు ఎవరు దాటాలో చెప్పేది లాకు చూసుకునే ఆఫీసరు. ఆయన భార్య బంగళా వసారాలోంచి రోజూ నాయన నడక చూసేదట. వాళ్ళకూ ఒక కుక్క ఉండేది, కట్టేసిన గుంజను పీక్కుని పారిపోయింది.

జూన్‌కి పది రోజులు ఉందనగా, రెండు జాకెట్లు కుట్టించుకుని కోట నుంచి ఇంటికొచ్చాను. నాయన అరుగు మీద కూర్చున్నాడు. కాళ్ళ దగ్గర ఏమీ లేదు.

"కుక్క యాడ?"

నాయన ముఖం అటు తిప్పుకున్నాడు. అన్న లోపల్నించి అన్నాడు, "లాకు అమ్మగారు ముచ్చటపడింది. ఇచ్చినాం. మన పడవ పొద్దున్నే దాటేసింది, తొమ్మిది పడవలు ఇంకా ఆడనే ఉండాయి."

"నాయన ఎట్ట నడస్తాడు?"

"నువ్వుండావు గదా."

"నేను పోతుండా గదన్నా!"

"వచ్చే ఏడు పోదువులే. నెల్లూరు యాడికీ పోదు."

ఆ పది రోజుల్లో ఇంకో కుక్కకు నేర్పాలని చూశాను. వీధిలో ఒక నల్లదాన్ని పట్టుకొచ్చి తాడు కట్టాను. నాయన చేత్తో తడిమి చూసి, "ఒద్దులే పాపా, దీన్ని ఇడిచిపెట్టు," అన్నాడు. హాస్టలు తెరిచిన రోజు పొద్దున కర్ర కొస పట్టుకుని ఆయన్ను చర్చి వైపు తీసుకుపోతున్నాను. మరుసటి ఏడాది వదినకు రెండో కాన్పు. ఆ పై ఏడు నా వయసు మించిపోయిందన్నారు. రేకు పెట్టెలో వదిన ఎండుమిరపకాయలు పోసింది. ఆరేళ్ళు కర్ర పట్టుకున్నాను.

మొదటి వానలు పడ్డాక ఒకరోజు నాయన లాకు దగ్గరికి పోదామన్నాడు. నాకు ఇష్టం లేదు, అయినా తీసుకెళ్ళాను. బంగళా ముందు అమ్మగారు పడవ కుక్కతో నడుస్తున్నారు. తోలుపట్టీ, సన్నని గొలుసు, గొలుసు వదులుగా వేలాడుతోంది. అది నన్ను చూసింది. ఒళ్ళంతా ఊపుతూ రెండడుగులు వేసింది. గొలుసు బిగిసింది. అక్కడే ఆగిపోయింది. అలా ఆగి నన్ను చూస్తూ నిలబడింది. నాకు ఎలా ఉందో ఇప్పుడు కూడా రాయలేను. ఒక్కసారి లాగితే ఆమె చేతిలోంచి గొలుసు ఊడిపోయేది. అంత బలం దానికుంది. లాగకూడదని నేనే నేర్పాను.

"చూశావా, ఎంత బుద్ధిమంతురాలో!" అన్నారామె. "మీ నాన్న మంచివాడమ్మా. ఇద్దామా అని మీ అన్న ఆయన్ను అడుగుతూ ఉండగానే ఆయనే లేచి తాడు నా చేతిలో పెట్టాడు."

అప్పటికి నెలరోజులుగా అన్న మీద కోపంతో అతనికి అన్నం వడ్డించడం లేదు నేను. తిరిగొచ్చేటప్పుడు గట్టు మలుపు దగ్గర నాయనను అడిగాను.

"నువ్వే ఇచ్చినావా నాయనా?"

కర్ర ఒక్క క్షణం బరువెక్కింది. ఆయన ఆగాడు, మళ్ళీ నడిచాడు.

"కుక్క మాట్టాడదు గదమ్మే," అన్నాడు. "చీకట్లో ఉండేవోడికి పక్కన మాట ఇనపడాల. నువ్వు పోతే ఆ ఇంట్లో నాతో ఎవురు మాట్టాడతారు?"

నన్ను అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన పక్కన నడిచాను, దారి చెప్పాను, పడవలు ఎవరివో చెప్పాను, ఎవరు ఎదురొచ్చారో చెప్పాను. ఆయన కోరుకున్న మాటలు మాత్రం ఆ రోజుతో అయిపోయాయి. అది ఆయనకూ తెలుసు.

ఆ సాయంత్రం ఆయన నా జవాబు కోసం కాచుకున్నాడు. నేను రోడ్డు చూస్తూ నడిచాను. వాన నీళ్ళు నిలిచిన చోటు వచ్చింది.

"గుంట," అన్నాను. "ఎడంకి రా."