దేశానికి మార్కులు వేసిన చిన్నాయన

మా తమ్ముడి మనవరాలు కడపలో ఇంటర్ చదువుతోంది. మొన్న పొద్దున్నే ఫోన్ చేసి, "జేజీ, కాలేజీలో మాట్లాడే పోటీ పెట్టినారు. మన దేశం శానా గర్వపడాల్సిన రోజొకటి, సిగ్గుపడాల్సిన రోజొకటి చెప్పల్ల. రెండే నిమిషాలు టైము," అంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సాంఘికం చెప్పినదాన్ని, ఇలాంటి ప్రశ్నకు నిద్రలో లేపినా జవాబు చెప్పగలను. కానీ ఆ పొద్దు తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను. అప్పటి నుంచి కర్నూలులోని ఈ రెండు గదుల ఇంట్లో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. ఇస్త్రీకి ఇవ్వాల్సిన చీరను తీసుకెళ్ళి బకెట్లో నానబెట్టాను. అంతా మా చిన్నాయన వల్ల.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. పత్తికొండ దగ్గర మా ఊళ్ళోనే బడిపంతులు. ఊరంతా ఆయన్ను అయివారని పిలిచేది. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక రేడియో. దాని తీగను చిన్నమ్మ బట్టలారేసే తీగకు ముడివేశారు. వార్తల వేళకు ఆమె తడిచీర ఆరేసిందంటే యుద్ధమే. ఆయనకు ఇంకో విచిత్రమైన అలవాటుండేది. పరీక్ష పేపర్లు దిద్దినట్టే దేశానికీ మార్కులు వేసేవారు. కరువొచ్చి గంజి కేంద్రాలు సరిగ్గా నడిస్తే అరవై, నడవకపోతే ఇరవై. డెబ్బై ఒకటిలో యుద్ధం గెలిచిన రోజు బడిపిల్లలందరికీ బొరుగులూ బెల్లమూ పంచి, జెండా పట్టించి ఊరంతా తిప్పారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఆ రోజు దేశానికి తొంభై ఎనిమిది వేశారు. ఆ రెండూ ఎందుకు కోసినావని అడిగితే, "నూటికి నూరిస్తే మళ్ళ చదవరు పాపా," అన్నారు.

మా చేన్లో పనిచేసే ఆయన్ను మేము మామా అని పిలిచేవాళ్ళం. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. వేరుశెనగ చెట్టు పెరికి, మట్టి దులిపి, పచ్చికాయలు మా ఒళ్ళో పోసేవాడు. ఆయనకు ఒక్కతే కూతురు. అక్షరం రాదు కాబట్టి జాబు వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా చిన్నాయన దగ్గరకే తెచ్చేవాడు. అయివారు చూపించిన చోట వేలిముద్ర వేసేవాడు.

మామ కూతురికి నాలుగేళ్ళున్నప్పుడు ఎమర్జెన్సీ వచ్చింది. ఒక్కో పంతులూ ఇంతమంది మగవాళ్ళను పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు తీసుకురావాలని పైనుంచి హుకుం వచ్చిందట. తేకపోతే నల్లమల అవతలికి బదిలీ. చిన్నాయన ఊరంతా తిరిగి ఎట్లాగో కొందరిని ఒప్పించారు. ఇంకా ఒక్కడు తక్కువయ్యాడు. చివరి రోజు పొద్దున ఆయన మామను పిలవడం నేను వరండాలో కూర్చుని విన్నాను. "ఇంటి స్థలం పట్టా ఇస్తాండారప్పా. పత్తికొండకు పోయి వేలిముద్ర ఏసొద్దాం రా." మామ ఉతికిన పంచె కట్టుకుని, తలకు నూనె రాసుకుని, జీపెక్కి పోయాడు. జీపెక్కడం అదే మొదటిసారేమో, మాకు చెయ్యి ఊపాడు.

రెండు రోజుల తర్వాత ఆయన భార్య కూతుర్ని చంకనేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. చిన్నాయన గడ్డం గీసుకుంటున్నారు. ఒక చెంప అయింది, ఇంకో చెంపకు నురగ ఉంది. ఆమె అరవలేదు.

"సెప్పింటే ఒప్పుకుంటుండెనో ఏమో. సెప్పల్యా నువ్వు. పిల్లోల్లు ల్యాకుంటే ఎట్లుంటాదో నీకు తెల్దా అయివారూ?"

లోపల చిన్నమ్మ చేతిలో గిన్నె కింద పడింది. చిన్నాయన ఆమె వెళ్ళిపోయాక కూడా అట్లాగే నిలబడ్డారు, చెంప మీది నురగ ఎండి పెళుసయ్యేదాకా. మామ కోలుకోగానే భార్యాబిడ్డలతో అత్తగారి ఊరికి వెళ్ళిపోయాడు. చిన్నాయన బదిలీ ఆగింది. ఆ ఏడు పంద్రాగస్టుకు జెండా ఎగరేశారు గానీ ఉపన్యాసం చెప్పలేదు. మార్కులు వేయడం అప్పుడే మానేశారు.

తర్వాతిది ఆయనే చెప్పారు, నాకు ఉద్యోగమొచ్చి మొదటిసారి ఎన్నికల డ్యూటీ పడినప్పుడు. సిరా జాగ్రత్త అని మొదలుపెట్టి, ఆగి, చెప్పుకుంటూ పోయారు. డెబ్బై ఏడు ఎన్నికలకు ఆయన్ను వేసింది సరిగ్గా మామ వెళ్ళిన ఊరికే. వేలికి సిరా పెట్టే పని. జనం ఎండలో మాట్లాడకుండా వరసగా నిలబడ్డారట. ఆ వరసలోనే మామ వచ్చాడు. వేలు చాపాడు. చిన్నాయన చెయ్యి వణికి సిరా మామ అరచేతిలో పడింది. మామ రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని నిలిపాడట. "బయపడాకు అయివారూ. ఈ తూరి ఏం చేస్తాండానో తెలిసే వచ్చినా."

మా పత్తికొండ వైపు ఓట్లు ఎప్పటిలాగే పాత పార్టీకే పడినా, దేశం మొత్తం మీద ప్రభుత్వం మారిపోయింది. ఇందరు చదువురాని జనం ఇంత పని చేశారా అని లోకమంతా ఆశ్చర్యపోయిందని రేడియో చెప్పింది. మరి ఆ రోజు ఎన్ని మార్కులని నేను అడిగాను. "నేను వేసేదేంది పాపా," అన్నారు. "మూడు తూర్లు వాల్లింటికి పోయినా, తప్పయిందని చెప్పల్లని. మంచినీళ్ళిచ్చినాడు. వాన గురించి మాట్లాడినాడు. నన్ను చెప్పనీల్యా."

చెప్పలేకపోయిన ఆ మాటకు బదులు ఆయన ఇంటి స్థలం సంగతి పట్టుకున్నారు. అబద్ధంగా చెప్పిన పట్టాను నిజం చేయాలని ఏళ్ళ తరబడి అర్జీలు రాశారు. ఆఫీసుల చుట్టూ తిరిగీ తిరిగీ చెప్పులరిగాయి. రిటైరయ్యాక వచ్చింది, మామ కూతురి పేరు మీద. మోకాళ్ళ నొప్పులని నన్ను తోడు తీసుకుని వెళ్ళారు. కూతురికి అప్పటికే పెళ్ళయింది. అరుగు మీద మామ, పక్కన భార్య. చిన్నాయన కాగితం చాపి, తీసుకున్నట్టు సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు. కూతురు కలం అందుకుంది. మామ అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"అంతా సదువు మొదులు. ఒక్క ముక్క ఇడసకుండా. అయినంకనే సంతకం."

ఆమె చదివింది. సర్వే నంబరూ, హద్దులూ, షరతులూ, అడుగున ముద్రలో ఉన్న అక్షరాలతో సహా. చిన్నాయన పరీక్షలో కూర్చున్న పిల్లాడిలా తల వంచుకుని విన్నారు. ఆమె సంతకం పెట్టింది. మామ భార్య లేచి లోపలికి వెళ్ళి, మా ఇద్దరికీ సంగటీ, ఊరిబిండి పచ్చడీ తెచ్చి పెట్టింది. చిన్నాయన తింటూ ఏడ్చారు. ఎవరూ ఊరుకోమనలేదు. ఎవరూ క్షమించామనీ అనలేదు.

నిన్న మనవరాలికి ఇదంతా ఫోన్లో చెప్పాను. "జేజీ, మరి ఆ తాత మంచోడా, చెడ్డోడా?" అంది. నాకు తెలీదన్నాను. నన్ను చదివించింది ఆయనే అని కూడా చెప్పాను. "ఇది రెండు నిమిషాల్లో అయ్యేది కాదు," అని తను పెట్టేసింది. నేను మళ్ళీ వరండాలోకి వచ్చి పచార్లు మొదలుపెట్టాను. ఇన్నేళ్ళ కాలం ఆ గర్వాన్నీ ఆ సిగ్గునూ నా నుంచి చాలా దూరం తీసుకుపోయింది గానీ, ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని మాత్రం ఇప్పటికీ విడదీయలేకపోయింది.