పూజలో పెట్టిన రెంచ్

ఆరేళ్లుగా ఒక మనిషి తన చెయ్యి తప్పు చేసిందని నమ్ముతున్నాడు. తప్పు నాది. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఆయన్ని ఇక్కడ మహబూబ్ భాయ్ అంటాను. అసలు పేరు అది కాదు. నా పేరు రాయను. నా ధైర్యం అంతవరకే.

నేను మెకానికల్ డిప్లొమా చేశాను. పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఒక కంపెనీలో రెండేళ్లు పనిచేశాను. అక్కడ ఒక పద్ధతి ఉండేది. నట్టును టార్క్ రెంచ్‌తో బిగించాలి. కావలసిన బిగువు రాగానే ఆ రెంచ్ టక్కుమంటుంది. అప్పుడు నట్టు మీద నుంచి బోల్టు మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీయాలి. గీత ఉందంటే పని అయిందని అర్థం. ఆ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, సంగారెడ్డి దాటాక గుట్టల పక్కన ఉన్న ఒక రైడింగ్ పార్కులో బండ్ల బాధ్యత దొరికినప్పుడు దాన్ని అక్కడికీ తీసుకెళ్లాను.

పార్కులో నాలుగు బగ్గీలు ఉండేవి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని రాళ్లలో, వాగు ఇసుకలో తిరిగే బండ్లు. మొదట్లో ఓనర్ సార్ నా గీతలు చూసి నవ్వాడు. నెల తిరిగేసరికి గీత లేని బండి గేటు దాటకూడదని ఆయనే రూలు పెట్టాడు. డ్రైవర్లు ఎక్కే ముందు వంగి చూసేవాళ్లు. అందరికంటే శ్రద్ధగా చూసేది మహబూబ్ భాయ్. పద్దెనిమిదేళ్లు లారీ తోలిన మనిషి. ఒక్క యాక్సిడెంటు లేదు. ఆ మాట ఆయన పదిసార్లు చెప్పేవాడు, ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు.

ఆ దసరాకు మూడో నంబరు బగ్గీని మార్చాను. పెద్ద టైర్లు, కొత్త స్ప్రింగులు. టైరు పెద్దదైతే ముందు చక్రాలను తిప్పే రాడ్ల మీద బరువు పెరుగుతుంది, కాబట్టి లావు రాడ్లు. ప్రతి రాడ్డు చివరా ఒక నట్టు, అది ఊడకుండా అడ్డంగా ఒక పిన్ను. పండగ పొద్దుటికి ఒక్క ఎడమ వైపు నట్టే మిగిలింది. చేత్తో తిప్పి పెట్టాను. పది నిమిషాల పని.

ఆలోగా ఆయుధ పూజ మొదలైంది. పనిముట్లన్నీ కడిగి పీట మీద పెట్టి, పసుపు కుంకుమ పెట్టారు. టార్క్ రెంచ్‌ను పీట మీద మధ్యలో పెట్టింది నేనే. నాకు అదంటే అంత గర్వం. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు పొద్దుటిదాకా ముట్టకూడదు. ఓనర్ సార్ ఆ విషయంలో చాలా పట్టింపు మనిషి.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి వచ్చినవాళ్లు మధ్యాహ్నానికల్లా మా దగ్గరికి వచ్చారు. మూడు బండ్లు చాలలేదు. మూడో నంబరు రెడీయా అని సార్ షెడ్డు బయట నుంచే అడిగాడు.

లేదు సార్ అని ఎందుకు అనలేదు? ఒక్క మాట. నేను ఆలోచించినదంతా గుర్తుంది. పూజకు పెట్టకుండా సీటు కిందే ఉండిపోయిన చిన్న స్పానర్‌తో బిగిస్తాను. ఇప్పుడు పిన్ను వేస్తే రేపు రెంచ్ పెట్టడానికి మళ్లీ పీకాలి, పీకిన పిన్ను మళ్లీ పనికిరాదు, ఉన్నది ఒకటే పిన్ను, కాబట్టి రేపే వేస్తాను. ఒక్క పూట, నాలుగు రౌండ్లు, ఏమవుతుంది. స్పానర్‌తో చేతికి అందినంత బిగించాను. పిన్ను చొక్కా జేబులో వేసుకున్నాను. గీత లేకపోతే బండి కదలదు కదా. గీత గీశాను.

రెంచ్ మూడడుగుల దూరంలో ఉంది. చేయి చాస్తే అందేది. కుంకుమ తుడిచి తీసుకుంటే దేవుడు ఏమనేవాడో నాకు తెలియదు. సార్ ఏమనేవాడో తెలుసు. రెండు తిట్లు. అంతే.

మహబూబ్ భాయ్ వంగి గీత చూసుకుని బండెక్కాడు. మూడో రౌండులో, గుట్ట దిగే మలుపు దగ్గర బగ్గీ పల్టీ కొట్టింది. పక్కన కూర్చున్న అమీన్‌పూర్ కుర్రాడికి భుజం కమిలింది. మహబూబ్ భాయ్ కుడి మణికట్టు ఇనుప ఫ్రేము కింద నలిగింది.

బండిని ట్రాక్టరుతో షెడ్డుకు లాగాక నేనొక్కడినే కిందికి దూరి చూశాను. ఎడమ రాడ్డుకు నట్టు లేదు. నట్టు ఎక్కే చోట రాడ్డు మీది మరలు కొత్తవాటిలాగే ఉన్నాయి. దెబ్బకు నట్టు ఊడి ఉంటే మరలు చెదిరిపోతాయి. ఇవి చెదరలేదు. నట్టు తనంతట తానే తిరిగి తిరిగి ఊడిపోయింది. ఆ షెడ్డులో ఈ తేడా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. బయటికి వచ్చి, దెబ్బకు రాడ్డు ఊడింది సార్ అన్నాను. రిజిస్టర్లో అలాగే రాశాను. అయితే స్పీడే అన్నాడు సార్. ఆ మాట సాయంత్రం కాకముందే పార్కంతా తిరిగింది.

రెండు రోజులు ఆగి ఆస్పత్రికి వెళ్లాను. మహబూబ్ భాయ్ నన్ను మంచం మీద కూర్చోమన్నాడు.

"తమ్మీ, ఒక్కటి అడుగుత. స్టీరింగ్ ఒక్కసారే ఖాళీ అయినట్టు అనిపించింది. నేను తిప్పిన, బండి తిరగలె. ముందుగాలనే ఏమన్న ఊడిందా?"

"లేదు భాయ్. పడ్డంక ఊడింది."

"రెంచ్‌తోని బిగించినంకనే గీత పెట్టినవా?"

"పెట్టిన."

ఆయన కట్టు వైపు చూసుకున్నాడు. "గట్లయితే ఇగ నా చెయ్యే. ముసలోనివైతున్నవని మా బేగం ఎప్పటిసంది చెప్తున్నది, నేనే ఇనలె." నవ్వాడు. "నువ్వు పరేషాన్ గాకు. నీ పని నువ్వు చేసినవ్."

ఆయనకు నా మీద అనుమానం లేదు. దారి వెతుక్కుంటూ అడిగాడు, నేను దారి మూసేశాను. దేనికి భయపడ్డాను? ఉద్యోగానికా? పటాన్‌చెరులో వారంలో ఇంకోటి దొరికేది. నిజం చెప్పాలంటే, గీతల మనిషి అన్న నా పేరును కాపాడుకున్నాను. ఒక మనిషి చెయ్యి విలువ చేసేది కాదు ఆ పేరు.

పార్కు ఆయన్ని తీసేసింది. ఏడాది తిరక్కుండా నేనూ మానేశాను. మణికట్టు అతికింది. డాక్టరు బండి నడపొచ్చన్నాడు. ఆయన నడపలేదు. సొంత ఆటో బామ్మర్దికి ఇచ్చేసి ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీగా చేరాడు.

పోయిన వారం పటాన్‌చెరు బస్టాపులో కనిపించాడు. కూతురు కాలేజీకి వెళ్లడానికి స్కూటీ కొన్నాడట. ఆ పిల్లకు నేర్పమని నన్ను అడిగాడు. తన చేతుల మీద తనకు నమ్మకం లేదట, పిల్లను ఎక్కడ పడేస్తానో అని భయమట. నేనైతే జాగ్రత్తగా నేర్పుతానట. ఆదివారం వస్తానన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆదివారం ఆయనకు చెబుతానా? చెబుతానని మీకు మాట ఇవ్వలేను. అలాంటి మాటలు నాకు నేను చాలాసార్లు ఇచ్చుకున్నాను. చెబితే క్షమిస్తాడేమో అన్న ఆశ కూడా నాకు వద్దు. ఆయన క్షమించే రకం. అది నాకు లాభమే, ఆయనకు కాదు. ఆయనకు కావలసింది వేరే ఉంది. అది ఆరేళ్లుగా నా దగ్గరే ఉంది. నోటితో ఎప్పుడు చెప్పగలనో తెలియదు. ముందు కాగితం మీదైనా పెడుతున్నాను.

నట్టు నేను సరిగ్గా బిగించలేదు. పిన్ను వేయలేదు. మలుపు రాకముందే ఊడింది. మహబూబ్ భాయ్ సరిగ్గానే తిప్పాడు.